ఐసీనా, ఎన్సీనా?

గోరఖ్‌పూర్ నుంచి ఉత్తరంగా మూడు గంటలు ప్రయాణం చేస్తే సునౌలీ వస్తుంది. సిమెంటు కమాను కింద నుంచి నడిచి అవతలికి వెళితే బేలహియా. అది నేపాల్. మనవాళ్లకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ అక్కర్లేదు. కాశీ, ప్రయాగ, అయోధ్య చూసుకుని లుంబినీకో, పశుపతినాథుని దర్శనానికో, ముక్తినాథ్‌కో బయలుదేరే తెలుగు యాత్రికుల బస్సులు చాలావరకు ఈ దారినే పోతాయి. కమాను దాటాక మొదటి టీకొట్టులోనే ఆ ప్రశ్న వినిపిస్తుంది: ఐసీనా, ఎన్సీనా? ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్సీ అంటే నేపాలీ కరెన్సీ. కాగితం మీద రాసేటప్పుడు భారు, నేరు అని రాసుకుంటారు. కొట్లో వేలాడే బిస్కెట్ పొట్లం మన దేశంలో తయారైనదైతే, దాని మీద గరిష్ఠ ధర మన రూపాయల్లోనే అచ్చయి ఉంటుంది. పది అని ఉంటే కొట్టువాడు పదహారు తీసుకుంటాడు. ఆ గుణకారానికి అక్కడ చిన్నపిల్లలు కూడా వేళ్లు మడవరు. మన వందకు వాళ్ల నూట అరవై. ఈ లెక్క 1993 ఫిబ్రవరి నుంచి కదల్లేదు. మన నోటు తీసి ఇస్తే మారుమాట లేకుండా పుచ్చుకుంటారు, చిల్లర వాళ్ల నోట్లలో ఇస్తారు. ‘మన రూపాయి ఇక్కడ కూడా చెల్లుతుంది’ అని యాత్రికుడు సంతోషపడతాడు. ఆ సంతోషం సహజమే. అయితే పరాయి దేశంలో మన నోటు చెల్లడమన్నది మన నోటుకున్న గుణం కాదనీ, దాన్ని చెల్లించుకోవడానికి ఆ దేశం ఏటా కడుతున్న ఖరీదనీ నా అభిప్రాయం. ఆ ఖరీదు ఎవరు కడుతున్నారో తెలిస్తే, జేబులోంచి ఏ నోటు తీయాలన్నది సౌకర్యంతోనే తేలిపోదు.

ముందుగా చూడాల్సింది ఇది రెండువైపులా ఒకేలా ఉందా అన్నది. లేదు. మన వంద నోటు సునౌలీ గేటు దాటి పోఖరా దాకా, ఖాట్మండు దాకా పోతుంది. పశుపతినాథ్ ఆలయం చుట్టూ ఉన్న రుద్రాక్షల దుకాణాల్లో దాన్ని కళ్లకద్దుకుని తీసుకుంటారు. అదే నేపాలీ నోటు రక్సౌల్‌లోనో, జోగ్‌బనీలోనో సరిహద్దు బజారు వరకే నడుస్తుంది. అక్కడైనా ఒక్కోసారి తరుగు పట్టుకునే తీసుకుంటారు. గోరఖ్‌పూర్ చేరేసరికి అది ఖడ్గమృగం బొమ్మ ఉన్న అందమైన కాగితం మాత్రమే. మన నోటుకు వందల కిలోమీటర్ల ఆయుష్షు, వాళ్ల నోటుకు నాలుగడుగుల ఆయుష్షు. కొనేదీ అమ్మేదీ పక్కపక్క ఊళ్లవాళ్లే, మాట్లాడేది రెండువైపులా భోజ్‌పురీయో మైథిలీయో అవధీయో. అయినా నోటు విషయంలో మాత్రం వాలు ఒక్కవైపే.

ఈ వాలును తగ్గించడానికి నేపాల్ చాలా కష్టపడింది. ఈ సంగతి యాత్రికులకు ఎవరూ చెప్పరు. 1950ల దాకా ఆ దేశంలో రెండు డబ్బులు నడిచేవి. కొండల్లో, ఖాట్మండు లోయలో నేపాలీ డబ్బు. తరాయి మైదానంలో మన రూపాయి. ఆ రెంటి మధ్య మారకం రోజుకో తీరుగా ఊగేది. కొండ మీద పండించినవాడు మైదానంలో ఉప్పూ గుడ్డా కొనాలంటే మధ్యలో నోట్లు మార్చేవాడికి ఎంతో కొంత సమర్పించుకోవలసిందే. 1956లో నేపాల్ రాష్ట్ర బ్యాంకు పెట్టినప్పుడు (అక్కడ రాష్ట్రమంటే దేశం) దాని ముందున్న మొదటి పనుల్లో ఒకటి ఈ రెండు డబ్బుల వ్యవస్థను పోగొట్టి, దేశమంతటా సొంత నోటు నడిచేలా చేయడం. 1960లో మారకాన్ని వందకు నూట అరవైగా కట్టారు. 1966 జూన్‌లో మనం రూపాయి విలువ తగ్గించుకున్నాం, వాళ్లు తగ్గించుకోలేదు. దాంతో లెక్క మన వందకు వాళ్ల నూటొక్క రూపాయల దగ్గరికి వచ్చేసింది. తర్వాత మెట్లుమెట్లుగా మారుతూ 1993లో మళ్లీ నూట అరవై దగ్గర ఆగింది. అంటే మనం సరదాగా చూసే ‘ఇక్కడ మన డబ్బు నడుస్తుంది’ అన్న స్థితి, ఒక దేశం తన గడ్డ మీద తన నోటును నిలబెట్టుకోవడానికి చేసిన పోరాటంలో ఇంకా మిగిలిపోయిన భాగం.

ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా అనిపించకూడదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచిన రోజుల్లో జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు అడుగుపెట్టినవాడికి లెక్క మారిపోయేది. ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. వందకు నూట పదహారు పైచిలుకు. మన నూటపదహార్ల సంభావన ఈ లెక్కలోంచే పుట్టిందని చెప్పే కథ కూడా వాడుకలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, సరిహద్దు పల్లెల్లో బతికినవాళ్లకు ఒకటి బాగా తెలుసు: రెండు నాణేలు కలిసే చోట పెద్ద నాణెం ఉన్నవాడు బేరం చేస్తాడు, చిన్న నాణెం ఉన్నవాడు వట్టం కడతాడు.

ఇప్పుడు ఖరీదు సంగతి. మన వందకు నూట అరవై అని గోడ మీద రాసి పెట్టడం తేలిక, నిలబెట్టడం కష్టం. నేపాల్ కొనుక్కునే సరుకుల్లో సింహభాగం మన దేశం నుంచే వెళుతుంది: పెట్రోలు, డీజిల్, మందులు, వాహనాలు, ఇనుము, కూరగాయలు కూడా. వాళ్లు మనకు అమ్మేది అందులో కొద్ది భాగం. ఈ తేడా పూడ్చడానికి మన రూపాయలు కావాలి. అవి చాలనప్పుడు రాష్ట్ర బ్యాంకు తన దగ్గరున్న డాలర్లను అమ్మి మన రూపాయలు కొంటుంది. ఆ డాలర్లు ఎక్కడివి? ఖతార్‌లో, దుబాయిలో, సౌదీలో, మలేషియాలో ఎండలో నిలబడి పనిచేసే నేపాలీ కుర్రాళ్లు పంపినవి. విదేశాల నుంచి వచ్చే ఈ సొమ్ము ఆ దేశపు మొత్తం ఉత్పత్తిలో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లను అడిగితే ఈ కుర్రాళ్ల గురించి చెబుతారు. ఒకే లేబర్ క్యాంపు, ఒకే బస్సు, ఒకే నీళ్ల డ్రమ్ము. అలా వచ్చిన చెమట డాలరు రూపాయిగా మారితేనే బేలహియా టీకొట్టులో ఆ నూట అరవై లెక్క నిలబడుతుంది. యాత్రికుడి కంటికి ఇదేదీ కనబడదు. అతనికి కనబడేది కొట్టువాడు మారుమాట లేకుండా పుచ్చుకున్న వంద నోటు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. వాళ్లకు మన రూపాయల కొరత ఉందంటున్నారు కదా, మరి మనం రూపాయలు ఇవ్వడం మేలు చేయడమే కదా? అవును, ఆ రూపాయి బ్యాంకుకు చేరితే. అసలు మెలిక అక్కడే ఉంది. సటహీ కౌంటర్ అని బోర్డు కట్టిన గుర్తింపు పొందిన దుకాణంలోనో, బ్యాంకులోనో మనం నోటు మార్చుకుంటే, ఆ రూపాయి నేపాల్ బ్యాంకుల్లోకి చేరి ఆ దేశపు నిల్వలో కలుస్తుంది. అంతమేరకు వాళ్లు డాలర్లు అమ్ముకోనక్కర్లేదు. కొట్లో ఇచ్చిన రూపాయి దారి వేరు. కొట్టువాడు దాన్ని గల్లాపెట్టెలో దాచుకుంటాడు, సరుకు కోసం సరిహద్దు దాటినప్పుడు అవే నోట్లతో కొంటాడు. సరుకు వెంటనే వస్తుంది, నోటు వెంటనే వెనక్కి పోతుంది. బ్యాంకు పద్దులో ఆ రెంటి జాడా ఉండదు. ఆ కొనుగోలులో తప్పులేకపోవచ్చు, అతని బతుకుతెరువు అది. కానీ మన రూపాయి వాళ్ల దేశానికి ఆసరా అయిందని చెప్పుకోవడానికి ఆ దారిలో ఆధారం దొరకదు. మార్చుకోవడానికి మనకయ్యే నష్టం ఎంతని లెక్కేస్తే, బ్యాంకు మన వందకు 160 ఇస్తుంది, తిరిగి అమ్మేటప్పుడు 160.15 తీసుకుంటుంది. వందకు పదిహేను పైసల తేడా. అవీ నేపాలీ పైసలే. కొట్లో అయితే చిన్న మొత్తాలకు ఒకటిన్నర చొప్పున గుండుగుత్తగా లెక్క కట్టేవాళ్లు తగులుతారు. వంద అని చెప్పిన ధర ఏ డబ్బులో చెప్పారో అడగకపోతే అరవై శాతం తేడా వచ్చే ప్రమాదం ఉంటుంది. మన లాభం చూసుకున్నా మార్చుకోవడమే మంచిది.

కొట్టువాళ్లు ఇష్టపడే తీసుకుంటున్నారు, ఎవరూ బలవంతపెట్టడం లేదు, నష్టమైతే ఎందుకు తీసుకుంటారన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబు 2016 నవంబరు 8 రాత్రి వచ్చిన పెద్ద నోట్ల రద్దు. అంతకు రెండేళ్ల ముందు, 2014 నవంబరులో సార్క్ సదస్సుకు ఖాట్మండు వెళ్లినప్పుడు మన ప్రధాని ఇకపై నేపాల్‌కు అయిదు వందలు, వెయ్యి నోట్లు పాతిక వేల దాకా తీసుకురావచ్చని ప్రకటించారు. దొంగనోట్ల భయంతో ఏళ్ల తరబడి ఆ పెద్ద నోట్లకు అక్కడ తలుపు మూసి ఉండేది. అది తెరుచుకునేసరికి జనం నమ్మారు. ఆ నోట్లను ఇళ్లలో దాచుకున్నారు. మన దేశంలో పనిచేసి వచ్చిన కూలీ, మన సైన్యంలో పనిచేసి పింఛను తీసుకుంటున్న మాజీ గూర్ఖా సైనికుడు, సరిహద్దులో చీరల వ్యాపారి, అందరూ. రద్దు ప్రకటన వచ్చాక మనమందరం బ్యాంకుల ముందు వరసల్లో నిలబడ్డాం, కష్టపడ్డాం, కానీ మార్చుకోగలిగాం. నేపాల్‌లో వాళ్లకు ఆ వరస కూడా దొరకలేదు. అక్కడి బ్యాంకుల్లో చేరిన పాత నోట్ల గురించి రెండు దేశాల మధ్య ఏళ్ల తరబడి మాటలు నడిచాయి, లెక్క తేలలేదు. ఇళ్లలో మిగిలిన నోట్ల గురించి మాట్లాడే నాథుడే లేడు. నిన్నటిదాకా ఇష్టపడి తీసుకున్న నోటు తెల్లారేసరికి చిత్తుకాగితం కాగలదనీ, దాని మీద తమకు ఏ హక్కూ ఉండదనీ కొట్టువాడికి అప్పుడే తెలిసింది. ఇష్టపడి తీసుకోవడమంటే పూచీ ఎవరిదో తెలిసి తీసుకోవడం. మన నోటు మీద పూచీ రిజర్వు బ్యాంకుది. ఆ పూచీ సునౌలీ గేటు దగ్గర ఆగిపోతుందని ఆ నోటు మీద ఎక్కడా రాసి ఉండదు.

మన నోటును వెనక్కి తిప్పి చూస్తే భాషల పలక కనిపిస్తుంది. పదిహేను భాషల్లో నోటు విలువ రాసి ఉంటుంది. కింది నుంచి రెండో వరస తెలుగు. అదే పలకలో ఇంకొంచెం పైన నేపాలీ కూడా ఉంది. డార్జిలింగ్‌లో, సిక్కింలో ఉండే మన నేపాలీల కోసం రాసిన వరస అది. అయితే బేలహియాలో కొట్టువాడు ఆ వరస చదవగలడు, తెలుగు యాత్రికుడు తన వరస చదవగలడు, ఇద్దరికీ అది సొంత భాషలో పలికే కాగితమే. ఒకడికి మాత్రమే అది హక్కు పత్రం.

2016లో తిన్న దెబ్బ ప్రభావం 2018 డిసెంబరులో కనబడింది. వందకు మించిన మన నోట్లు, అంటే రెండు వందలు, అయిదు వందలు, రెండు వేలు తమ దేశంలో వాడకూడదని నేపాల్ మంత్రివర్గం నిర్ణయించింది. అప్పుడు మన దగ్గర చాలామంది దాన్ని కయ్యానికి కాలుదువ్వడంగా చూశారు. నాకది కాలినవాడు చేయి వెనక్కి తీసుకోవడంలా కనిపిస్తుంది. 2023 మే నెలలో మన రిజర్వు బ్యాంకు రెండు వేల నోటును చలామణి నుంచి ఉపసంహరించుకున్నప్పుడు ఆ జాగ్రత్త ఎంత అవసరమో తెలిసింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నేపాల్ నిర్ణయం వల్ల ఎక్కువ ఇబ్బంది పడ్డది యాత్రికులు కాదు. మన ఊళ్లలో పనిచేసి జీతం మూటగట్టుకుని ఇంటికి పోయే నేపాలీ కూలీలు. అయిదు వందల నోట్లను వందలుగా మార్చుకోవడానికి సరిహద్దు ఇవతల దళారికి కమీషన్ ఇచ్చుకోవాల్సి వచ్చేది వాళ్లే. పేదవాడి కోసం పెట్టిన కంచె పేదవాడికే గుచ్చుకుంది. తర్వాత ఈ నిబంధనను సడలించే దిశగా కదలిక వచ్చింది గానీ, ఏళ్ల తరబడి కట్టిన కమీషన్లు తిరిగి రావు.

నేపాల్ సంగతి సరే, భూటాన్‌లో మన రూపాయి చట్టబద్ధంగానే చెల్లుతుంది కదా అని అడగవచ్చు. నిజమే. పశ్చిమ బెంగాల్‌లోని జైగావ్ పక్కన గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. 1974లో భూటాన్ తన ఎన్‌గుల్ట్రమ్ నోటు తెచ్చినప్పుడే దాన్ని మన రూపాయికి సరిసమానంగా కట్టింది. గుణకారమే లేదు, ఒకటికి ఒకటి. అయినా లోపల కథ అదే. మన నుంచి కొనేది ఎక్కువ, మనకు అమ్మేది జలవిద్యుత్తు తప్ప తక్కువ కావడంతో 2011 డిసెంబరులో ఆ చిన్న దేశం ఇరవై కోట్ల డాలర్లు అమ్మి మన రూపాయలు కొనుక్కుంది. 2012లో రూపాయల కొరత ముదిరి, కార్ల దిగుమతి ఆపేసింది, ఇళ్ల నిర్మాణానికి అప్పులు ఆపేసింది. ఒకటికి ఒకటి అన్న సమానత్వం నిలవడానికి ఒక దేశం కార్లు కొనడం మానుకుంది. అటు జైగావ్ దుకాణాల్లో ఎన్‌గుల్ట్రమ్ నోట్లు పేరుకుపోయి, వాటిని వదిలించుకోవడం కష్టమై తరుగు పెట్టారు. చట్టం ‘చెల్లుతుంది’ అన్నంత మాత్రాన ఖరీదు మాయం కాదు.

ఇక మూడో వాదన, ఇదే ఇప్పుడు ఎక్కువగా వినిపించేది. ఫోన్ ఉండగా నోట్ల గొడవ దేనికి? 2021 జూలైలో మన భీమ్ యూపీఐ భూటాన్‌లో మొదలైంది. 2024 మార్చిలో నేపాల్‌లోని ఫోన్‌పే సంస్థతో (పేరు కలిసింది గానీ, మన ఫోన్‌పే వేరు) కుదిరిన ఒప్పందం అమల్లోకి వచ్చి, అక్కడి దుకాణాల క్యూఆర్ కోడ్‌ను మన ఫోన్‌తో స్కాన్ చేసి కట్టే వీలు వచ్చింది. ఈ వాదనతో నాకు పేచీ లేదు. నేను చెప్పేదానికి ఇది తోడే. మన ఖాతాలో రూపాయి తగ్గుతుంది, కొట్టువాడి ఖాతాలో నేపాలీ రూపాయి చేరుతుంది, మధ్య లెక్క బ్యాంకులు చూసుకుంటాయి. రద్దు భయం కొట్టువాడికి ఉండదు, దొంగనోటు భయం ఉండదు, ఒకటిన్నర లెక్క ఉండదు. అయితే ముక్తినాథ్ కొండదారిలో గుర్రం నడిపేవాడి దగ్గర, గుడి మెట్ల మీద పూలమ్మే ముసలమ్మ దగ్గర క్యూఆర్ కోడ్ అట్ట లేకపోతే నోటే గతి. అక్కడ ఇవ్వవలసింది వాళ్ల నోటు. ఎవరెస్టు బొమ్మ ముందువైపు, వెనక వందకు ఖడ్గమృగం, అయిదు వందలకు పులి, వెయ్యికి ఏనుగు. ఆ ముసలమ్మ దాన్ని మర్నాడు ఉప్పు కొనడానికి వాడుకుంటుంది. మార్చడానికి ఎవరి దగ్గరకూ పోనక్కర్లేదు. మన ఇరవై రూపాయల నోటు ఇచ్చి దానం చేశామనుకుంటే, దాన్ని మార్చుకునే శ్రమా తరుగూ కూడా ఆమెకే దానం చేసినట్లు.

ఇన్ని చెప్పి, యాత్రికుడు ఖర్చు పెట్టే ఈ కొద్ది రూపాయలకు ఇంత ఆలోచన అవసరమా అంటే, యాత్రికుడి రూపాయి ఒక్కటే సరిహద్దు దాటడం లేదని నా జవాబు. హైదరాబాద్‌లో, విజయవాడలో, ఇంకా ఎన్నో ఊళ్లలో పాత కాలనీల్లో రాత్రి పన్నెండు దాటాక కర్ర చప్పుడు, ఈల వినిపిస్తాయి. ఒకటో తారీఖున తలుపు తట్టి, నమస్తే పెట్టి, ఇంటికింత అని అడిగి తీసుకునే మనిషిని పేరేమిటని అడగకుండానే గూర్ఖా అంటాం. ఆ డబ్బు నేపాల్‌లోని ఇంటికి పంపుకోవడానికి 2008లో రిజర్వు బ్యాంకు ఇండో నేపాల్ రెమిటెన్స్ పథకం పెట్టింది. 2021లో దాని పరిమితి యాభై వేల నుంచి రెండు లక్షలకు పెంచింది. అయినా బ్యాంకు కాగితాలు లేని ఎందరో దసరాకు ఊరికి పోయేటప్పుడు ఆ డబ్బును లోపలి జేబులో కుట్టుకునే తీసుకుపోతారు. మన ఇంటి గుమ్మంలో ఇచ్చిన ఇరవైలూ యాభైలూ వందలూ అలా రైలెక్కి, గోరఖ్‌పూర్‌లో దిగి, సునౌలీ గేటు దాటి, బేలహియాలో సటహీ కౌంటర్ ముందు ఆ మనిషి చేతిలోంచి ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. లోపల కూర్చున్నవాడు మడతలు విప్పి, చిరుగు ఉన్నవాటిని పక్కకు తీసి, మిగిలినవి వెలుతురుకు పట్టి చూసి లెక్కపెడతాడు. ఆ వరసలో ఆ మనిషి వెనక, పట్టుపంచె కట్టుకుని ముక్తినాథ్ పోతున్న మన ఊరాయన నిలబడి ఉంటాడు.